ఇసకలో నిలబడ్డ బావి

మొన్న తుపాను వెళ్ళిపోయాక మా మనవరాలు తన ఫోను తెచ్చి నా ముఖం ముందు పెట్టింది.

"అమ్మమ్మా, చూడు. చీరాల అవతల సముద్రం ఒడ్డున కోట బయటపడిందంట."

ఇంజనీరింగ్ చదివే పిల్ల. ఫోనులో ఏదొచ్చినా ముందు తను నమ్ముతుంది, తర్వాత నన్ను నమ్మమంటుంది. విసుక్కుంటూనే కళ్ళజోడు పెట్టుకున్నాను. కోసుకుపోయిన ఇసక ఒడ్డు, అలలు వచ్చిపోయే చోట మనిషి కంటే ఎత్తుగా గుండ్రటి రాతి కట్టడం ఒకటి. నల్లటి పలకరాళ్ళు ఒకదాని మీద ఒకటి సున్నంతో పేర్చినవి. చుట్టూ కుర్రాళ్ళు. ఎవడో వెనక నుంచి గొంతు చించుకుంటున్నాడు, ఏ రాజుల కాలందో, దీపస్తంభమో బురుజో అని. పైన ఒకవైపు అంచు విరిగి ఉంది, సరిగ్గా ఒక మనిషి గడ్డం ఆనించుకునేంత మేర.

ఆ విరిగిన అంచు చూడగానే ఫోను నా చేతిలోకి లాక్కున్నాను.

"కోటా కాదు, తోటా కాదు. అది బావి," అన్నాను.

"బావి నేల్లో గదా ఉండేది? పైకెందుకు లేస్తది?"

"బావి లేవలేదే. నేల పోయింది."

ఆ పిల్ల ఇంకేదో అడగబోయింది. అప్పటికి వీడియోలో ఒక కుర్రాడు ఇంకొకడి భుజాల మీదెక్కి, ఆ విరిగిన చోటే తల లోపలికి పెట్టి, రెండు చేతులూ నోటి చుట్టూ పెట్టుకుంటున్నాడు. నేను ఫోను బోర్లా తిప్పేశాను. కళ్ళు లాగుతున్నాయని అబద్ధం చెప్పాను. వాడు ఏమని పిలవబోతున్నాడో నాకు తెలుసు. తిరిగి ఏం వినపడుతుందో వినే ధైర్యం లేకపోయింది.

మా ఇల్లు నరసరావుపేట బజారులో, ఇప్పుడు నేనుంటున్నదే. అప్పట్లో ముందు భాగం మిరపకాయల కొట్టు, వెనక భాగం కాపురం. కొత్త కాయ దిగే రోజుల్లో గుమ్మం దాకా టిక్కీలు, కాయ కుక్కిన గోనె బస్తాలు, పేర్చి ఉండేవి. వసారాలో ఆడవాళ్ళు వరసగా కూర్చుని తొడిమలు తీస్తూ, తుమ్ముతూ, ఒకళ్ళనొకళ్ళు ఎకసెక్కాలాడుకుంటూ ఉండేవాళ్ళు. చుట్టాలొస్తే గడపలోనే కొంగు ముక్కుకు పెట్టుకుని, "ఈ ఘాటులో ఎట్టా బతుకుతున్నారర్రా?" అనేవాళ్ళు. మాకది ఘాటని తెలిస్తే గదా! పిల్లలం టిక్కీల మీదెక్కి దూకి, ఒళ్ళంతా మంటెక్కి, మజ్జిగ పూయించుకుని మళ్ళీ ఎక్కేవాళ్ళం.

ఆ ఇంట్లో ఘాటు పడనిది మా నాయనమ్మ ఒక్కతే. ఆమెకు ఉబ్బసం. మిరప ఊళ్ళో పుట్టి, మిరప వ్యాపారిని కట్టుకున్న మనిషికి మిరపే పగ. కొత్త కాయ వచ్చిందంటే ఆమె ఛాతీలో పిల్లికూతలు మొదలయ్యేవి. మంచం మీద దిండ్లు ఎత్తుగా పెట్టుకుని, వాటి మీదకు వాలి, ఒక్కో ఊపిరినీ తోడుకునేది. నేను ఆమె పక్కన పడుకునేదాన్ని. ఆ కూత ఆగితే నాకు మెలకువ వచ్చేది, మొదలైతే నిద్ర పట్టేది.

గాలి మారాలి, సముద్రపు గాలి మంచిదన్నారు డాక్టరు గారు. ఇంకెవరైనా అయితే ఒక నెల ఎవరింట్లోనో ఉంచి తీసుకొచ్చేవాళ్ళు. మా తాతయ్య అట్లాంటి మనిషి కాదు. చీరాలలో బట్టల వ్యాపారం చేసే స్నేహితుడొకాయన చూపిస్తే, సముద్రం ఒడ్డున ఇసక దిబ్బ మీద స్థలం కొన్నాడు.

అక్కడ చేపలు పట్టేవాళ్ళవన్నీ తాటాకు గుడిసెలు. గాలికి పోతే పోతాయి, నాలుగు రోజుల్లో మళ్ళీ లేస్తాయి. తాతయ్యకు అది ఇల్లే కాదు. పల్నాటి మనిషికి ఇల్లంటే రాయి. దాచేపల్లి వైపు నుంచి నాపరాళ్ళు, సున్నం, ఆఖరికి పనివాళ్ళను కూడా ఇక్కడి నుంచే పట్టుకెళ్ళాడు. రాళ్ళ బండ్లు ఇసకలో ఇరుసు దాకా దిగబడితే ఆ ఊరంతా వచ్చి, నవ్వుతూ, తోసిందట. గోడ రాయి, నేల రాయి, కప్పు కూడా రాయే. "రాయి ఎక్కడికీ పోదురా," అనేవాడు తాతయ్య, ఎవరు అడిగినా, అడక్కపోయినా.

ఇల్లు అయ్యాక బావి. అక్కడి వాళ్ళు మోచెయ్యి లోతున ఇసక తోడి, ఊరిన తియ్యటి నీళ్ళు ముంచుకుంటారు. మా వైపు బావి అంటే బండ పగలగొట్టుకుంటూ పాతాళానికి పోవాలి. నాలుగడుగులు తవ్వి బావి అంటే ఊళ్ళో నవ్వుతారు. తాతయ్య నరసరావుపేటలో తవ్వినట్టే అక్కడా తవ్వించాడు. ఇసక జారకుండా గుండ్రంగా నాపరాళ్ళ గోడ కట్టుకుంటూ దింపించాడు. పైనున్న తియ్యటి నీళ్ళు దాటిపోయి, అడుగున ఉప్పునీళ్ళు తగిలాయి.

పక్క గుడిసెలో ఉండే ముసలామె వచ్చి బావిలోకి చూసి, ఆ నీళ్ళు పుక్కిలించి ఉమ్మి, "సముద్రం సాల్లేదా పెద్దయ్యా, ఇంట్లో కూడా ఒకటి పెట్టుకున్నావు?" అందట. తాతయ్య పట్టిన కుందేలుకు ఎప్పుడూ మూడే కాళ్ళు. ఒళ్ళు కడుక్కోవడానికి ఉప్పునీళ్ళే మంచివని చెప్పి, గిలక బిగించమన్నాడు. ఆయన కోపానికి జడిసి మేస్త్రీ గబగబా బిగించబోయి అంచు రాయి ఒకటి విరగ్గొట్టాడు.

ఆ ముసలామెను మేమంతా అవ్వ అనేవాళ్ళం. నల్లగా, ఎండుచేపలాగే సన్నగా, నోట్లో నిప్పువైపు పెట్టిన చుట్టతో ఉండేది. మేము చేప ముట్టని ఇంటివాళ్ళం, మా అరుగు పక్కనే వాళ్ళు చేపలు ఎండేసుకునేవాళ్ళు. మొదటి వేసవిలో నాయనమ్మ గాలి కోసం వెళ్ళి, తలుపులన్నీ మూసుకుని, కర్పూరం ముక్కు దగ్గర పెట్టుకుని కూర్చుంది. అవ్వ కిటికీ దగ్గరకొచ్చింది.

"ఏమ్మా షావుకారమ్మా, గాలికొచ్చి తలుపులేసుకుంటే గాలి ఏడ నుంచొచ్చుద్ది?"

"నీ చేపలు అవతలకి తీస్తే తలుపు తీస్తా."

"నా చేపలు ఈడ పుట్టినయి. నువ్వు మొన్నొచ్చావు."

నాయనమ్మకు కోపం రావాల్సింది. నవ్వొచ్చింది. నవ్వితే దగ్గు, దగ్గితే ఆయాసం. అవ్వ లోపలికొచ్చి, అడగకుండానే వీపు మీద అరచేత్తో పైనుంచి కిందకి రాసింది. ఆ పూట నుంచి తలుపులు తెరిచే ఉన్నాయి. కొన్ని రోజులకు పిల్లికూతలు పోయాయి. నాయనమ్మ మామూలు మనిషిలా పడుకుని నిద్రపోవడం నేను మొదట అక్కడే చూశాను. భయపడి లేపాను కూడా. "చచ్చానేమో అనుకున్నావటే ముండా?" అని నవ్వి, అటు తిరిగి మళ్ళీ పడుకుంది.

ఆ తర్వాత ప్రతి వేసవీ రెండు నెలలు అక్కడే. ఉదయం తాటిముంజలు, సాయంత్రం పెరుగన్నంలో వేటపాలెం జీడిపప్పు. తాటిమట్టల మీద కూర్చుని దిబ్బ పైనుంచి కిందకి జారేవాళ్ళం. ఒకసారి మా చిన్నాన్న కొడుకు టిఫిను డబ్బాలో నేను ఇసకలో పాకే ఎండ్రకాయను పెట్టి మూత వేశాను. వాడు లోపల ఇడ్లీ ఉందనుకుని వేలు పెట్టాడు. వాడి కేకకు కాకులన్నీ లేచాయి. అవ్వ మాత్రం ఎండ్రకాయను తీసుకుని, "పాపం, భయపడ్డది," అని దాన్ని ఓదార్చింది.

మధ్యాహ్నం అయితే అవ్వ మా ఇంట్లోనే. ఇసక మీద పుట్టి ఇసక మీద పెరిగిన మనిషికి చల్లటి రాతి నేలంటే మహా మోజు. చీర కొంగు నడుముకు చుట్టుకుని, చెంప రాతికి ఆనించి పడుకునేది. పక్కన నాయనమ్మ. "కాస్త జరుగు చెల్లే," అనేది అవ్వ. "ఇల్లు నాదా నీదా?" అంటూ నాయనమ్మ జరిగేది. మొదట ముక్కు మూసుకున్న మనిషి, రెండో వేసవికి, "అది చేప వాసన కాదే, ఉప్పు వాసన," అని నాకు సర్దిచెప్పింది. ఏటా ఊరి నుంచి అవ్వకొక జాడీ పండుమిరపకాయ పచ్చడి వచ్చేది. అవ్వ చేతులు కడుక్కుని, కొంగుకు తుడుచుకుని, అప్పుడు ఆ జాడీ ముట్టుకునేది. మేము అడక్కపోయినా, అదొక మర్యాద.

రాతినేల కంటే ఆమెకు ఎక్కువ ఇష్టమైనది ఆ ఉప్పుబావి. వెక్కిరించింది తనే అయినా. ఇసకలో ఎంత గట్టిగా అరిచినా గొంతు అరిచిన చోటే ఇంకిపోతుంది. ఆ రాళ్ళ బావి మాత్రం పలికేది. అవ్వ నిద్ర లేవగానే వెళ్ళి, అంచు విరిగిన చోట గడ్డం ఆనించి, "ఓయ్!" అని పిలిచేది. అడుగు నుంచి "ఓయ్" అని వచ్చేది. అవ్వ చంటిపిల్లలా నవ్వేది.

"నీ రాయి పలుకుద్ది పెద్దయ్యా. మా ఇసక ఎంత పిలిచినా పలకదు."

తాతయ్యకు ఆ ఒక్క మాటతో బావి ఖర్చంతా కలిసొచ్చింది. మీసం దువ్వుకున్నాడు.

ఆఖరి వేసవి చివర్లో మేము బయల్దేరుతుంటే తాతయ్య తాళంచెవి అవ్వ చేతిలో పెట్టాడు. "గాలీవానా వస్తే ఆ ఆకుల కింద ఎందుకు? మీరంతా వచ్చి ఇంట్లో పడుకోండి. రాయి ఎక్కడికీ పోదు." అవ్వ తాళంచెవి కొంగున ముడేసుకుంది. కోడలితో, "చూశావటే, రాతింటి పెత్తనం నాదే ఇంక," అంది. అందరం నవ్వాం. ఆమె నవ్వు వినడం అదే ఆఖరు.

కార్తీకంలో తుపాను వచ్చింది. నరసరావుపేటలో మాకు వచ్చింది దాని తోక మాత్రమే. దానికే కొట్టు కప్పు లేచి టిక్కీలు తడిశాయి. పడక గదుల్లో, వంటింట్లో, దేవుడి మందసం ముందు కూడా మిరపకాయలు ఆరబోశాం. ఇంట్లో అందరి నోటా కాయ మాటే. నాయనమ్మ ఒక్కతే ఊపిరాడక మంచం మీద కూర్చుని, "అక్కడ ఎట్టా ఉన్నారో," అంటోంది.

"రాతిల్లు. దానికేమవుద్ది?" అన్నాడు తాతయ్య.

"నేనడిగింది ఇంటి సంగతి కాదు."

రైళ్ళు మళ్ళీ నడిచాక బయల్దేరాం. నాయనమ్మను రావద్దంటే వినలేదు. ఆమె మందు సీసా సంచి మోయడానికి నేను. ఆమె ఒళ్ళో పచ్చడి జాడీ. చీరాల నుంచి బండిలో పోతుంటే సరుగుడు చెట్లన్నీ ఒకే వైపు పడుకుని ఉన్నాయి. గాలిలో వాసన చెప్పలేను, చెప్పను. బండి తోలే మనిషి ముక్కుకు గుడ్డ కట్టుకున్నాడు. నాయనమ్మ కట్టుకోలేదు.

దిబ్బ లేదు. దిబ్బ ఉండాల్సిన చోట అలలు ఉన్నాయి. ఎవరో నేలను చేత్తో తుడిచేసినట్టు చదునుగా ఉంది. ఆ చదును మధ్య బావి నిలబడి ఉంది. వంగి లోపలికి చూసేవాళ్ళం, ఇప్పుడు తలెత్తి చూడాల్సి వచ్చింది. విరిగిన అంచు ఆకాశంలో ఉంది. కప్పు రాళ్ళు కొన్ని నీళ్ళలో ఏటవాలుగా దిగబడి ఉన్నాయి. రాయి నిజంగానే ఎక్కడికీ పోలేదు. కింద ఇసక పోయింది. తాతయ్య బావి గోడను తడిమి తడిమి చూస్తున్నాడు, ఆ రాయి తనదా కాదా అని.

అవ్వ కోడలు పిల్లలను వెంటబెట్టుకుని వచ్చింది. ఎవరిదో పెద్ద చొక్కా తొడుక్కుని ఉంది. నాయనమ్మ బండి దిగకుండానే అడిగింది.

"అక్క ఏదే?"

ఆమె తల దించుకుంది.

"రోడ్డు మీదకి పోదాం రా అత్తా అన్నానమ్మా. పిల్లల్ని చంకనేసుకుని, చెయ్యి పట్టుకుని లాగా. నడవలేనే, మీరు పోండి అంది. రాతిల్లు ఉండగా నాకేంది భయం అంది. తాళం తీసి, లోపలికి పోయి పడుకుంది. నేనే చాప పరిచొచ్చా."

నాయనమ్మ ఒళ్ళోని జాడీని రెండు చేతులా పట్టుకుంది.

"గుడిసెలో ఉంటదంటే నేనే ఈడ్చుకుపోయేదాన్ని," అంది ఆమె మళ్ళీ. "రాతిల్లు గదాని వదిలా."

ఆమె తాతయ్యను ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే బాగుండేదని తాతయ్య చాలా ఏళ్ళకు మా నాన్నతో అన్నాడట. అప్పుడు మాత్రం రాయికి ఆనించిన చెయ్యి తీసి, పంచెకు తుడుచుకున్నాడు. తుడుస్తూనే ఉన్నాడు.

నాయనమ్మ బండి దిగింది. చెప్పులు వదిలేసి బావి దాకా నడిచింది. నోరు రాళ్ళకు దగ్గరగా పెట్టి, "ఓయ్! అక్కా!" అంది. ఆమె అంత గొంతుతో పిలవడం నేను అంతకు ముందు ఎప్పుడూ వినలేదు. బావి నిండా ఇసకే. పలకలేదు. ఇంకోసారి పిలవబోతే ఊపిరి అందలేదు. నేను వీపు రాశాను, అవ్వ రాసినట్టే, పైనుంచి కిందకి. పచ్చడి జాడీ కోడలి చేతికిచ్చి, బండెక్కి, ఊరు చేరేదాకా కళ్ళు మూసుకునే ఉంది.

కొత్త కాయ దిగింది. పిల్లికూతలు మొదలయ్యాయి. తాతయ్య ఒకరోజు మంచం పక్కన కింద కూర్చుని, "ఈసారి తాటాకులతోనే వేద్దాం. వెనక్కి, ఎత్తు మీద. నీ ఊపిరి కోసం," అన్నాడు. ఆయన అలా కింద కూర్చోవడం నేను అంతకు ముందు చూడలేదు.

"వద్దు," అంది నాయనమ్మ. "నా ఊపిరి కోసం కట్టిన ఇంట్లో ఆమె ఊపిరి పోయింది. ఆ గాలి నాకొద్దు. నాకది అరగదు."

ఆ బావిని కొన్నేళ్ళకు ఇసక మళ్ళీ కప్పేసిందట. నాయనమ్మ మాత్రం ఎంతమంది చెప్పినా మళ్ళీ సముద్రం వైపు వెళ్ళలేదు. అదే కొట్టు వెనక, అదే ఘాటులో, ఒక్కో ఊపిరే తోడుకుంటూ మరికొన్నేళ్ళు బతికింది. తాతయ్య 'రాయి ఎక్కడికీ పోదు' అన్న మాట మళ్ళీ అనలేదు.

మధ్యాహ్నం మాత్రం నాయనమ్మ మంచం దిగి, వెనక గదిలో నాపరాతి నేల మీద పడుకునేది. గోడ వారగా, ఒంటిని దగ్గరకు ముడుచుకుని. అంత గది ఉన్నా అంత ఇరుకుగా ఎందుకని మా అమ్మ అడిగితే ఇంకాస్త గోడకు జరిగేది. ఒకసారి నేను ఆడుకుంటూ ఆ ఖాళీ వైపు నుంచి దాటబోయాను. "ఆగవే! తొక్కుతావు!" అని కేక వేసింది. నేను కాలు గాల్లోనే ఆపాను. అప్పుడు వాసన తగిలింది. ఎండుచేప, చుట్టపొగ, ఉప్పు. మిరపకాయలు తప్ప ఇంకో వాసన బతకని ఇంట్లో. గుమ్మంలో ఉన్న అమ్మ కూడా ముక్కు చిట్లించి, వీధిలోకి తొంగి చూసి, ఎవరూ లేకపోయేసరికి లోపలికి వెళ్ళిపోయింది. ఇది చెబితే మా మనవరాలు నవ్వుతుంది. నవ్వనీ. నేను ఆ వాసన పీల్చాను.

ఇప్పుడు కొట్టు లేదు. ముందు భాగంలో సెల్‌ఫోన్ల షాపు ఉంది. ఇల్లంతా టైల్సు వేశారు, వెనక గది మాత్రం నేను వెయ్యనివ్వలేదు. ఈ మధ్య నా ఛాతీలో కూడా పిల్లి చేరింది. సముద్రం ఒడ్డున ఏదో రిసార్టు ఉందట, అక్కడ రెండు రోజులుంటే తేలిగ్గా ఉంటుంది, పనిలో పని కోట కూడా చూడొచ్చని మనవరాలి గోల. నేను ఇంతవరకు ఔననలేదు, కాదనలేదు.

నిన్న మధ్యాహ్నం ఆ రాతి నేల మీద పడుకుని ఉంటే, మనవరాలు వచ్చి నా పక్కన కూర్చుంది.

"ఏంది అమ్మమ్మా, ఇంత చోటుండగా గోడకంటుకుపోయావు?"

నేను చూసుకోలేదు. నిజమే, గోడ వారనే ఉన్నాను.

అది మళ్ళీ ఆ వీడియో పెట్టింది. ఈసారి నేను ఆపమనలేదు. కుర్రాడు భుజాల మీదెక్కాడు. అంచు విరిగిన చోట తల పెట్టాడు. చేతులు నోటి చుట్టూ పెట్టుకుని, "ఓయ్!" అని అరిచాడు.

ఏమీ రాలేదు. అలల చప్పుడు. "లోపలంతా ఇసకేరా," అని వాడు నవ్వి దిగిపోయాడు.

"ఓయ్," అన్నాను నేను.

మనవరాలు ఉలిక్కిపడి గదంతా చూసింది. "ఎవర్ని పిలుస్తున్నావే అమ్మమ్మా?"

"పిలవలేదే," అన్నాను. "పలికాను."